చంకలో పులుసు సట్టి

"తాళం పగలలేదు. తలుపు విరగలేదు. డబ్బా ఎక్కడిదక్కడే ఉంది. లోపలి ఫిల్ము మాత్రం లేదు. అంతేనా?"

"అంతే మేడమ్" అన్నాడు వినోద్, గోళ్ళు కొరుక్కుంటూ.

టైము చూసుకున్నాను. పన్నెండూ పదిహేను. పదకొండూ నలభైకి వినోద్ ఫోన్ చేశాడు. నెల్లూరు నుంచి ఈ నడిమిపాలెం దాకా స్కూటరు మీద ముప్పై అయిదు నిమిషాల్లో వచ్చి పడ్డాను. మే నెల ఎండలో ఈ వయసులో అది తగిన పని కాదని నా నడుము గట్టిగానే చెబుతోంది.

నా పేరు మాలకొండమ్మ. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్సు క్లెయిములు తనిఖీ చేశాను. ఏడ్చేవాళ్ళలో ఎవరిది నిజం ఏడుపో, ఎవరిది క్లెయిము ఏడుపో గుమ్మంలోనే పోల్చుకోగలను. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక అదే పనికి బోర్డు కట్టి డిటెక్టివ్ అనిపించుకుంటున్నాను.

ఈ ఇంటాయన హెబ్రోను గారు ఏడవడం లేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చర్చికి వేసుకెళ్ళిన తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. తుప్పుపట్టిన గుండ్రటి రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత మీద వేలితో రాస్తూ కూర్చున్నాడు. అలా కూర్చున్న వాళ్ళని చూస్తే నాకు భయం. వాళ్ళు పోగొట్టుకున్నది ఎప్పుడూ పెద్దదే అయి ఉంటుంది.

"మొదటి నుంచి చెప్పు అబ్బయ్యా" అన్నాను వినోద్‌తో. "ఫోన్లో నువ్వన్న ఆ సీరియల్ గురించి నాకు ఒక్క ముక్క తెలీదు. తొందరగా చెప్పు."

అంతే, వాడి మొహం వెలిగిపోయింది. నెల్లూరులో కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే ముప్పై ఏళ్ళ వాడు, ఇంత ఆపదలోనూ ఆ సీరియల్ పేరెత్తగానే చిన్నపిల్లాడైపోయాడు.

"'ఫోర్టీంత్ డోర్' మేడమ్! బ్రిటిష్ టీవీలో అరవై ఏళ్ళుగా వస్తోంది. పదమూడు గదుల హోటలు. పద్నాలుగో తలుపు తెరిస్తే ప్రతిసారీ ఒక కొత్త లోకం. ఆ రోజుల్లో టీవీ వాళ్ళు పాత టేపులు తుడిచేసి మళ్ళీ వాడుకున్నారు. అట్లా 1967లో వచ్చిన 'ఉప్పు నగరం' కథలో మూడో భాగం లోకంలో ఎక్కడా లేకుండా పోయింది. ఇప్పుడు లండన్‌లో ఒక కంపెనీ మొత్తం సీరియల్‌ని బ్లూరే డిస్కులుగా పెట్టెలో పెట్టి విడుదల చేస్తోంది. అన్నీ దొరికాయి, ఆ ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఇక్కడుంది మేడమ్! ఈ ఇంట్లో! ఈ హెబ్రోను తాత మంచం కింద ట్రంకుపెట్టెలో!"

"ఉండేది" అన్నాను.

వాడి మొహం మళ్ళీ వాడిపోయింది.

సాయంత్రం ఆరుకి లండన్ వాళ్ళు వీడియో కాల్‌లో ఫిల్ము కళ్ళారా చూడాలి. చూడకపోతే రేపే పని ముగించేస్తారు. ఖాళీని కార్టూన్ బొమ్మలతో పూడ్చి పెట్టె మూసేస్తారు.

"ఇంగ్లీషు వాళ్ళ ఫిల్ము నడిమిపాలేనికి ఎట్టా వచ్చిందండీ?" అని హెబ్రోను గారిని అడిగాను.

"ఈడిత్ దొరసాని" అన్నాడాయన. "ఈడ మిషను ఆస్పత్రి ఉండేది తల్లీ. ఆమె డాక్టరు. ఆమె తమ్ముడు ఆ టీవీలో పనిజేసేవోడు, అక్కకి ముచ్చటగా పంపించినాడు. నేను ప్రొజెక్టరు ఆడించేవోణ్ణి. శనారం శనారం ఆస్పత్రి వరండాలో దుప్పటి గట్టి ఏసేవోళ్ళం. తలుపుల బొమ్మ అనేవోళ్ళు జనం. దొరసాని పోతా పోతా నా చేతిలో పెట్టింది."

"పోయింది పోయింది, లండన్ వాళ్ళకే నష్టం గదా. మీరెందుకింత..."

ఆయన నా వైపు చూశాడు. అడక్కుండా ఉండాల్సింది అనిపించింది.

"మా ఇంటామె కరుణాకుమారి ఆ ఆస్పత్రిలోనే నర్సు. రోగులకి ఇంగ్లీషు రాదు గదా, బొమ్మ ఆడతా ఉంటే పక్కన నిలబడి తెలుగులో కథ జెప్పేది. ఎంత బాగా జెప్పేదో! దొరసాని ముచ్చటపడి ఆ గొంతుని ఫిల్ము అంచున టేపు మాదిరి గోధుమరంగు గీత ఉంటాది, దాని మింద రికార్డు జేసింది. తొంభై రెండులో ఆమెకి గొంతు ఆపరేషన్ అయినాది. ఆ తరవాత మాట లేదు తల్లీ. పోయిందాకా ఇరవై నాలుగేండ్లు పలక మింద రాసి సూపించేది. ఆ ఫిల్ములో తప్ప ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ప్రొజెక్టరు బల్బు పోయి ఆరేండ్లయింది. అప్పట్నించి నేను వినలా."

"లండన్ వాళ్ళు ఆ తెలుగు గొంతు కూడా డిస్కులో పెడతామన్నారు మేడమ్" అన్నాడు వినోద్ నేల చూస్తూ. "తాత అడిగింది అదొక్కటే."

నేను లేచాను. నడుము నొప్పి ఎటు పోయిందో తెలీదు.

"డబ్బా ఇటివ్వండి."

మూత తీయగానే పులుపు వాసన గుప్పుమని ముక్కుకి కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాత ఫిల్ము ముదిరితే అట్లా పులుస్తుంది మేడమ్" అన్నాడు వినోద్. "వేడి తగిలేకొద్దీ ఇంకా తొందరగా పాడవుతుంది. తాత వేపాకు వేసి, ట్రంకు మీద తడిగుడ్డ కప్పి ఇన్నాళ్ళు కాపాడాడు. వేడెక్కితే ముందు అంచున అతికిన గీత ఊడిపోతుంది. ఆ తర్వాతే బొమ్మ చెడుతుంది."

ముందు గొంతు, తర్వాతే బొమ్మ. అది మనసులో రాసుకున్నాను.

ట్రంకుపెట్టె చూశాను. తాళం మీద గీత లేదు. తాళంచెవి గోడ గడియారం వెనక మేకుకే వేలాడుతోంది. తీసినవాడు తెరిచి, మళ్ళీ వేసి, తాళంచెవి ఉన్నచోటే తగిలించి వెళ్ళాడు.

"తాళంచెవి గడియారం వెనక ఉంటుందని ఎవరికి తెలుసు?"

వినోద్ మళ్ళీ గోళ్ళు కొరకడం మొదలుపెట్టాడు.

"ఎవురికి తెలుసు అబ్బయ్యా?"

"నాలుగు లక్షల మందికి మేడమ్" అన్నాడు ఏడుపు గొంతుతో. "బుధవారం నా ఛానల్లో వీడియో పెట్టాను. తాత గడియారం వెనక చెయ్యి పెట్టి తాళంచెవి తీయడం దగ్గర నుంచీ చూపించాను. సస్పెన్సు బాగుంటుందని."

వాణ్ణి తిట్టడానికి నాకు నెల్లూరు జిల్లా మాటలన్నీ ఒక్కసారే నోటికొచ్చాయి. టైము లేక మింగేశాను.

డబ్బా ఎందుకు వదిలేశాడో మాత్రం అర్థమైంది. నాలుగు లక్షల మంది చూసిన డబ్బాని పట్టుకుని పట్టపగలు వీధిలోకి పోలేడు. ఫిల్ము చుట్ట ఒక్కటే తీసి మరి దేన్లోనో పెట్టుకుపోయాడు. డబ్బాకి చెయ్యి ఆనించి కొలిచాను. జానెడు పైన మూడు వేళ్ళు. చొక్కాలో దాగేది కాదు. దీన్ని మించిన వెడల్పున్నది ఏదో ఒకటి ఈ ఇంట్లోంచే పోయి ఉండాలి.

ముందుగదిలో ఏమీ పోలేదు. వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పైన అటక, అటక మీద ఏళ్ళ తరబడి పేరుకున్న మసి. ఆ మసిలో ఒకచోట గుండ్రంగా శుభ్రమైన అచ్చు.

"ఇక్కడేముండేదండీ?"

హెబ్రోను గారు వచ్చి తలెత్తి చూసి గోడ పట్టుకున్నాడు. "కరుణ పులుసు సట్టి! పెద్ద మట్టి సట్టి, క్రిస్మస్‌కి పాతికమందికి దాంట్లోనే వండేది. ఆమె పోయినాక ఎవురూ దించలా."

ఇల్లు ఇక చాలు. వీధిలోకి నడిచాను.

ఎదురింటి తాటాకు పందిరి కింద కామమ్మ ఎండుచేపలు ఏరుతోంది. యాభై దాటిన మనిషి, ఈ సందులో చీమ నడిచినా తెలిసే మనిషి. నేను గంప పక్కనే చతికిలబడి రెండు చేపలు ఏరాను. పని చేస్తున్న చేతులతో మాట్లాడితే మనుషులు తొందరగా మాట్లాడతారు.

"కామమ్మా, పొద్దున పెద్దాయన చర్చికి పోయినాక ఎవురొచ్చినారు ఆ ఇంటికి?"

"ఎవురొస్తారక్కా. సగం ఊరు చర్చిలో, సగం ఊరు నిద్రలో. వేట లేదు గదా."

"ఒక్కరు గూడా రాలా?"

"వచ్చేది జూళ్ళా. పొయ్యేది జూసినా. ఒకడు పులుసు ఎత్తుకోని పోయినాడు."

నా చేతిలో చేప జారింది. "పులుసా?"

"సట్టి. పైన గుడ్డ గట్టుండె. పులుపు వాసన ఇంత దూరం కొట్టింది. పెద్దాయన చర్చోళ్ళకి కూర పంపిస్తా ఉండాడేమో అనుకున్నా. నాకు నోట్లో నీళ్ళూరినాయి కూడా."

"ఎన్ని గంటలప్పుడు?"

"పదిన్నర బస్సు అప్పుడే తిరుక్కోని పోయింది. ఇంకో పది నిమిషాలకి."

పదీ నలభై. హెబ్రోను గారు చర్చికి వెళ్ళింది తొమ్మిదింబావుకి, వచ్చింది పదకొండున్నరకి. సరిపోయింది.

"మనిషి ఎట్టా ఉండాడు?"

"తెల్లచొక్కా, లావు మనిషి. మొకం కనపళ్ళా, హెల్మెట్టు పెట్టుండాడు. పులుసు పట్టకపోయేదానికి హెల్మెట్టు ఎందుకురా అని నేనే నవ్వుకున్నా."

"సట్టి ఎట్టా పట్టుకున్నాడు? నెత్తిన పెట్టుకున్నాడా, రెండు చేతులతోనా?"

"అదేందో మరి, పక్కకి వంచి చంకలో ఇరికించుకున్నాడు."

"ఒలికిందా?"

కామమ్మ చేతులు ఆగాయి. "లేదక్కా. ఒక్క చుక్క గూడా ఒలకలా."

"వేట నిషేధం ఎప్పటి నించి?"

"ఏప్రిల్ పదైదు నించి. పడవలన్నీ ఒడ్డునే ఉండాయి."

"నెల దాటింది. పులుసుకి చేప యాడిది?"

"చెరువు చేప ఉండొచ్చు గదా..." అంది గానీ గొంతులో నమ్మకం లేదు.

"ఆ వాసన ఒకసారి గుర్తు తెచ్చుకో. మెంతులు తగిలినాయా? మామిడికాయ తగిలిందా? కారం?"

ఆమె కళ్ళు మూసుకుంది. ముక్కుపుటాలు అదిరాయి. పులుసు గురించి ఆ మనిషిని అడగడమంటే కంసాలిని బంగారం గురించి అడగడమే.

"మెంతుల్లేవు. కారం లేదు. ఉత్త పులుపు..." చటుక్కున కళ్ళు తెరిచింది. "ఓ యమ్మా! అది పులుసు గాదక్కా!"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఇంకే జిల్లాలోనైనా ఆ వాసనకి జనం ముక్కు మూసుకుని ఏం కుళ్ళిందో అని చూసేవాళ్ళు, మనిషిని ఆపేవాళ్ళు. మా నెల్లూరోళ్ళకి మాత్రం పులుపు తగిలితే చేపల పులుసే! లోకంలో ఒకే ఒక్క ఫిల్ము కళ్ళ ముందు నుంచి పోతుంటే నోరూరించుకుంటూ సాగనంపాం.

"నమస్కారం మాలకొండమ్మ గారూ! ఇంకా రిటైరు కాలేదా?"

ఆ గొంతు వినగానే నా ఉత్సాహం కాస్త చల్లారింది. పెంచలకృష్ణ. ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు చెన్నైలో డిటెక్టివ్ ఏజెన్సీ. కొడవలూరు రైసుమిల్లు తగలబడ్డ కేసులో నా రిపోర్టు మీద తన పేరు వేసుకున్న మహానుభావుడు. సందు చివర నుంచి చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. పన్నెండూ నలభై.

"మీరెందుకొచ్చారు?" అన్నాను.

"లండన్ వాళ్ళు సాయంత్రం ఫిల్ముకి కాపలా పెట్టుకున్నారు నన్ను. దారిలో ఉండగా పోయిందని ఫోనొచ్చింది. కారు చర్చి దగ్గర ఆపి నడిచొస్తున్నా. ఈ సందుల్లో కారు పట్టదుగా." వినోద్ భుజం మీద బరువుగా చెయ్యి వేశాడు. "కేసు ఇంతే అమ్మా. తాళంచెవి ఎక్కడుందో వీడికి తెలుసు. ఫిల్ము విలువ వీడికి తెలుసు. ముసలాయనకి కూడా తెలిసే ఉంటుంది. ఇద్దరూ కలిసి దాచి ఎవరికో అమ్ముకుంటున్నారు."

హెబ్రోను గారు గుమ్మంలోంచి అన్నాడు: "నా పెండ్లాం గొంతు నేను అమ్ముకుంటానా అయ్యా?"

"ఏమో పెద్దాయనా, లోకంలో అన్నీ చూశాను."

నాకు ఒళ్ళు మండింది. కానీ కోపం వస్తే నేను మనిషి మొహం చూస్తాను. అది ఇన్సూరెన్సు ఆఫీసులో నేర్చుకున్నది. పెంచలకృష్ణ జుట్టు నెత్తికి అణిగిపోయి ఉంది. గెడ్డం కింద సన్నటి ఎర్రటి చార, పట్టీ బిగిసిన అచ్చు. కారులో వచ్చిన మనిషికి ఆ పట్టీ ఎక్కడిది?

కామమ్మ వైపు ఒక చూపు చూశాను, నోరు మెదపొద్దని. తర్వాత తీరిగ్గా అన్నాను.

"అట్లా తేల్చేయకండి. కామమ్మ ఒకణ్ణి చూసిందట. పులుసు దబరా పట్టుకుని పోయాడట."

పెంచలకృష్ణ పగలబడి నవ్వాడు. "ఎండుచేపలామె మాట మీద కేసు నడుపుతారా? సట్టిలో పులుసు తీసుకుపోయేవాళ్ళంతా దొంగలైతే ఈ జిల్లాలో జైళ్ళు చాలవమ్మా!"

కామమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"సట్టి అన్నారే" అన్నాను.

"ఏం?"

"నేను దబరా అన్నాను. దబరా లోహంది, సట్టి మట్టిది. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళెవరూ ఒకటంటే ఇంకోటి అనుకోరు. మీరూ ఈ జిల్లా వాళ్ళే. సట్టి అని మీకెవరు చెప్పారు?"

నవ్వు సగంలో ఆగింది. అయినా పాత పోలీసు, తొందరగానే తేరుకున్నాడు.

"పులుసు సట్టిలోనే బాగుంటుందని నోరు జారింది. అదొక సాక్ష్యమా?"

"పదీ నలభైకి ఎక్కడున్నారు?"

"సూళ్ళూరుపేట దగ్గర. ఇదిగో!" ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు. "నా కారు వెంకటాచలం టోల్ గేటు దాటినట్టు మెసేజ్. బండి నంబరుతో సహా. పన్నెండూ అయిదు. పదీ నలభైకి ఇక్కడ దొంగతనం చేసినవాణ్ణి, చెన్నై వైపు నుంచి పన్నెండూ అయిదుకి ఎట్లా వస్తాను?"

"కళ్ళజోడు తేలేదు. ఒకసారి ఇటివ్వండి."

నేను తీసుకునేలోపు ఆయన వద్దనలేకపోయాడు. నాలుగు జతల కళ్ళు చూస్తున్నాయి.

"వెంకటాచలం నుంచి ఇక్కడికి ముప్పై అయిదు నిమిషాలా? అంబులెన్సు కూడా రాదు" అన్నాను తెరని పైకి జరుపుతూ. "చెన్నై నుంచి వచ్చే బండికి దీనికంటే ముందు గూడూరు అవతల బూదనం టోల్ తగలాలి. ఆ మెసేజ్ ఏదండీ?"

"డిలీట్ చేసుంటాను."

"ఒకటి ఉంచుకుని ఒకటి తీసేశారా?"

"ఫోనివ్వండి" అని చెయ్యి చాపాడు.

సరిగ్గా అప్పుడు నా చేతిలో ఫోను టింగుమంది.

చదివాను. అందరికీ వినపడేలా మళ్ళీ చదివాను. "బూదనం టోల్ ప్లాజా. పన్నెండూ యాభై ఒకటి."

ఆయన చూపించింది ఇటు వచ్చిన కారు కాదు, అటు చెన్నైకి పోతున్న కారు. బండి ఏ దిక్కుకి పోతోందో టోల్ మెసేజ్‌లో ఉండదు. అదే ఆయన ధైర్యం. పదీ నలభైకి ఇక్కడ ఎత్తుకుని, మోటారుసైకిల్ మీద హైవే చేరి, అక్కడ తన కారుతో కాచుకున్న మనిషికి అందించి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాడు. రెండో టోల్ గేటు ఇంత తొందరగా నోరు విప్పుతుందని లెక్కేసుకోలేదు.

"చర్చి దగ్గర నిలబడున్న మీ కారు బూదనం ఎట్లా దాటింది పెంచలకృష్ణ గారూ?"

వినోద్ అప్పటికే చర్చి వైపు పరుగెత్తాడు. అటు నుంచే కేక పెట్టాడు. "కారు లేదు మేడమ్! మోటారుసైకిలుంది, హెల్మెట్టుంది! ఇంజను ఇంకా కాలుతోంది!"

కామమ్మ గంప పక్కకి నెట్టి లేచి, కొంగు బిగించి సందుకి అడ్డంగా నిలబడింది. పక్క పందిళ్ళ నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు.

పెంచలకృష్ణ వాళ్ళని చూశాడు, నన్ను చూశాడు. ఆ మొహంలో భయం కంటే ఉక్రోషమే ఎక్కువ కనపడింది.

"తెలుసుకున్నారు, సంతోషం. మూడింటికల్లా అది చెన్నైలో దిగుతుంది. కొనేవాడికి లోకంలో అదొక్కటే ప్రతి ఉండాలి, తన బీరువాలోనే ఉండాలి. ఆ అంచున అతికించిన తెలుగు గోల వాడికి అక్కర్లేదు. దిగీదిగగానే గీకి పారేయమన్నాడు."

పరుగున తిరిగొచ్చిన వినోద్ ఆ చివరి మాట విన్నాడు. "కారులో ఎక్కడ పెట్టారు? ఏసీలోనే గదా? చెప్పండి సార్, ఏసీలోనే గదా?"

"డిక్కీలో."

మే నెల, మిట్టమధ్యాహ్నం, మూసిన డిక్కీ. గీకేదాకా కూడా ఆగక్కర్లేదు, ఆ వేడికే గొంతున్న గీత ఊడిపోతుంది. తమిళనాడు మొదలయ్యే తడ సరిహద్దుకి ఇంకా గంట దారి ఉంది. బండి నంబరు నా చేతిలోనే ఉంది. నా ఫోను తీసి హైవే పోలీసుకి నంబరు కొడుతూనే స్కూటరు తాళంచెవి వినోద్ మీదకి విసిరాను.

"బండి తియ్యి! హైవే ఎక్కినాక కారు దొరికితే కారు, లారీ దొరికితే లారీ!"

హెబ్రోను గారు ఖాళీ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని చుట్టూ అప్పటికే తడిగుడ్డ చుట్టి ఉంది. అంత గొడవలోనూ ఆయన వెళ్ళి ఆ గుడ్డ తడిపి తెచ్చాడు.

"తల్లీ, బొమ్మ వాళ్ళనే ఉంచుకోమను" అన్నాడు. "గొంతు తెచ్చియ్యి, చాలు."